పదకొండో అధ్యాయంలో ఆమె

"కూర్చోమ్మా" అని టీచరమ్మ మూడోసారి అంది. ఆ అమ్మాయి కూర్చోలేదు.

గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వచ్చి, చెప్పులైనా విడవకుండా నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఫిజియోథెరపీ వాళ్ళ నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. టీచరమ్మ తలుపు వేయబోతే, "వద్దు మేడమ్, తీసే ఉండనివ్వండి" అంది.

టీచరమ్మ గడియ మీద నుంచి చెయ్యి తీసేసింది.

పోయిన సోమవారం తనే ఈ పిల్ల పనిచేసే చోటికి వెళ్ళింది. మోకాలు పట్టేసిన ముసలాయన ఒకాయన బల్ల మీద పడుకుని వింటున్నాడన్న స్పృహ కూడా లేకుండా, ఆమె రెండు చేతులూ పట్టుకుని బతిమాలింది. "మీరిద్దరూ విడిపోయి నాలుగు నెలలైంది. మావాడు ఇంకా మనిషి కాలేదు. ముద్ద మింగడం లేదు. ఒక్కసారి వచ్చి మాట్లాడమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇవాళ ఆదివారం పొద్దున్నే బెల్లు మోగి, తలుపు తీస్తే ఎదురుగా ఈ అమ్మాయి. టీచరమ్మకి ప్రాణం లేచివచ్చింది. మనసు మార్చుకుందనుకుంది.

"అతనితో మాట్లాడ్డానికి రాలేదు మేడమ్. మీరు నా దాకా వచ్చారు కాబట్టి నేను మీ దాకా వచ్చాను. మీకు తెలియాలి."

"ఏం తెలియాలమ్మా?"

"బుధవారం డ్యూటీ అయ్యాక ఇంటికెళ్ళాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసుకుని లోపలికెళ్తే వంటింట్లో గడియారం నడుస్తోంది."

టీచరమ్మకి అర్థం కాలేదు. గడియారం నడవక ఏం చేస్తుంది?

"అది ఆగిపోయి ఏడాదైంది. బ్యాటరీ మార్చినా కదల్లేదు, అలాగే గోడకి వదిలేశాను. అది నడుస్తోంది మేడమ్. టైము కూడా సరిగ్గా ఉంది. పైన అద్దం తుడిచి ఉంది." భుజానికున్న సంచీ పట్టీని పిడికిలితో నలిపేస్తోంది. "ఏ వస్తువూ పోలేదు. ఏదీ కదల్లేదు. దాని కింద ఎంతసేపు నిలబడిపోయానో నాకే తెలీదు. ఆ రోజు నుంచి నా ఇంట్లో నేను పడుకోలేదు. మా ఆసుపత్రి నర్సు ఒకామె గదిలో నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటున్నాను."

"తాళం పగిలిందామ్మా?"

వెనక నుంచి వచ్చిన ఆ ప్రశ్న టీచరమ్మ భర్తది. వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. ముప్ఫై అయిదేళ్ళుగా తాళాలు బిగించడం, తాళంచెవులు కోయడం తప్ప వేరే పని ఎరగడు. ఆదివారం కదా అని తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నవాడు, సగం మొహం నురగతో, చేతిలో తువ్వాలుతో వచ్చి నిలబడ్డాడు.

"లేదంకుల్."

"చెవి దూరే చోట గీతలేమైనా పడ్డాయా?"

"లేవు."

"తిప్పుతుంటే ఇసక రాసుకున్నట్టు గరగరమందా?"

"లేదంకుల్. ఎప్పట్లాగే తిరిగింది."

ఆయన మిగిలిన నురగ తువ్వాలుతో తుడిచేసుకున్నాడు. గీసిన చెంప ఒకటి, గీయని చెంప ఒకటి. ఇంకెప్పుడైనా అయితే చూసినవాళ్ళు నవ్వి ఉండేవారు.

ఆ తాళం బిగించింది ఆయనే. రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి కొత్తగా ఆ వాటాలో దిగినప్పుడు కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళాడు. కొడుకు స్క్రూలు అందిస్తూ ఆమెను గుర్తుపట్టాడు. ఆమె కూడా గుర్తుపట్టింది. కాలేజీలో ఇద్దరూ ఒకే క్లాసు, టీచరమ్మ దగ్గర చదివినవాళ్ళే. స్క్రూలు కింద పడుతున్నా చూసుకోకుండా ఇద్దరూ నవ్వుకున్నారు. తాళాలాయన లోపల్లోపల సంతోషించాడు కూడా.

చెవి కోయడం నేర్పకముందే ఆయన కొడుక్కి ఒక మాట నేర్పాడు. చెవులన్నీ ఇంటివాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళ చేతే లెక్కపెట్టించి, అప్పుడు గుమ్మం దిగాలి. దుకాణంలో ఒక్క చెవి మిగిలిందన్నా అది పని కాదు, దొంగతనం.

ఆయన తిన్నగా కొడుకు గదిలోకి వెళ్ళాడు.

"ఒరేయ్ నత్తా. తియ్యి."

చిన్నప్పుడు బూట్లు తొడుక్కోవడానికి గంట పట్టేది వాడికి. అప్పుడు వచ్చిన పేరు అది. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా పోలేదు. ముద్దుగా పిలిచే ఆ పిలుపు ఇవాళ తండ్రి నోట రాయిలా పడింది.

మంచం కిర్రుమంది. తరవాత నత్త బయటికి వచ్చాడు. మెడ దగ్గర ఎముకలు తేలాయి, చొక్కా వేరే ఎవరిదో వేసుకున్నట్టు వేలాడుతోంది. ఆ అమ్మాయిని చూడగానే వాడి మొహం ఒక్కసారిగా వెలిగింది. 

"వచ్చావా? గడియారం చూశావా?" అన్నాడు.

ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనేమీ ముట్టుకోలేదు, ఒట్టు" అన్నాడు తొందరతొందరగా. "అప్పట్లోనే విప్పి చూశానుగా, లోపల చిన్న పళ్ళచక్రం అరిగిపోయింది. అలాంటిది దొరకలేదు, నేనే ఇత్తడి ముక్క అరగదీసి చేశాను. వారం పట్టింది. టైము తెలీక నీకు ఎన్నిసార్లు బస్సు తప్పిపోయిందో నాకు తెలీదా? నువ్వు రావని తెలుసు. నాతో మాట్లాడవని తెలుసు. అయినా నీ ఇంట్లో ఏదో ఒకటి నావల్ల నడుస్తుంటే చాలనుకున్నాను."

తాళాలాయన చెయ్యి చాపాడు. నత్త జేబులోంచి చెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. తండ్రి మొహం వైపు చూడలేదు.

"నువ్వే చేశావని నాకు చూడగానే తెలిసింది. అంత శ్రద్ధగా ఇంకెవరు చేస్తారు? తెలిసింది కాబట్టే భయం వేసింది" అంది ఆ అమ్మాయి. "దొంగ వస్తే వస్తువులు పట్టుకెళ్తాడు, అక్కడితో సరి. నువ్వు మళ్ళీ వస్తావు. నేను నిద్రపోతుంటే వస్తావా? స్నానానికి వెళ్ళినప్పుడు వస్తావా? వద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఇంకెలా చెప్పాలి?"

"నేను నిన్ను ఏనాడైనా ఒక్క మాట అన్నానా? చెయ్యెత్తానా?"

"అనలేదు."

"మరి భయమెందుకు? ప్రేమించడం కూడా తప్పేనా? అమ్మనడుగు. అమ్మకు తెలుసు. నువ్వూ విన్నావుగా క్లాసులో!" నత్త తల్లి వైపు తిరిగాడు. "చెప్పమ్మా. పదకొండో అధ్యాయం. ఆమె కాదు పొమ్మన్నాక కూడా అతను రోజూ తెల్లవారుజామున గోడెక్కి వచ్చి, ఆమె కిటికీలో దీపం వెలిగించి వెళ్ళేవాడు. చలికి బిగుసుకుపోయి ఆ గోడ పక్కనే చచ్చిపోయేదాకా వెలిగించాడు. ప్రేమంటే అది అని నువ్వేగా చెప్పావు? అడిగేది కాదు, ఇచ్చేది అన్నావు. క్లాసంతా ఏడ్చింది. నువ్వూ ఏడ్చావు."



వాడన్నది నిజం. వందేళ్ళ కిందటి ఆ నవలను ఆమె ఇరవై తొమ్మిదేళ్ళుగా పాఠం చెబుతోంది. పదకొండో అధ్యాయం వచ్చిందంటే పక్క సెక్షను పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడేవారు. ఆమె పుస్తకం చూడకుండా చెప్పేది. దీపం దగ్గరకు వచ్చేసరికి గొంతు దానంతటదే తగ్గిపోయేది. పరీక్షలో ఏటా ఒక ప్రశ్న తప్పనిసరి: నాయకుని త్యాగనిరతిని వివరింపుము, పది మార్కులు. ఎన్ని వేల జవాబులు దిద్దిందో. బాగా రాసిన వాటి పక్కన ఎర్ర సిరాతో "చక్కగా అనుభూతి చెందావు" అని రాసేది. కొడుకు పేపరు మీద కూడా రాసింది.

"నేనూ ఏడ్చాను మేడమ్" అంది ఆ అమ్మాయి మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. అది ఉంటే టీచరమ్మకి కాస్త తేలిగ్గా ఉండేది. "ఇంటికెళ్ళి మా అక్కకి కథంతా చెప్పి మళ్ళీ ఏడ్చాను. మొన్న నర్సు గదిలో నిద్రపట్టక ఆ పుస్తకం సంపాదించి మళ్ళీ చదివాను. ఆ అధ్యాయంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. లేచింది, చూసింది. అంతే ఉంది. ఎవడో గోడెక్కి వచ్చి తను పడుకున్న గది కిటికీలో చెయ్యి పెట్టి వెళ్ళాడని తెలిస్తే ఆమెకెలా ఉంటుంది? మరుసటి రాత్రి నిద్రపట్టిందా? కిటికీ మూసుకుందా? రాసినాయన అడగలేదు. మీరూ అడగలేదు మేడమ్. నాకూ అప్పుడు తోచలేదు."

 

తాళాలాయన చెవిని బల్ల మీద పెట్టి ఆ అమ్మాయి వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"అది ఇక దేనికీ పట్టదంకుల్. నిన్న వేరే షాపతన్ని పిలిచి తాళం మార్పించాను."

తల తీసేసినట్టయింది ఆయనకి. ఆ వీధిలో, ఆ పక్క నాలుగు వీధుల్లో, ఆయన్ని కాదని ఇంకొకర్ని పిలిచిన ఇల్లు లేదు. కాస్త నిలదొక్కుకుని, "మంచి పని చేశావమ్మా" అన్నాడు. "ఎన్ని చెవులిచ్చాడు?"

"మూడు."

"నువ్వే లెక్కపెట్టుకున్నావా?"

"ఆఁ. మూడూ నా దగ్గరే ఉన్నాయి."

"ఎవరికీ ఇవ్వకు. నాలాంటివాడు వచ్చి అడిగినా ఇవ్వకు."

ఆమె సంచీలోంచి మడిచిన కాగితం తీసి టీచరమ్మ చేతిలో పెట్టింది. "ఇది అతని కోసం. మనసుకి వైద్యం చేసే ఈ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆదివారం కూడా చూస్తారు. నేను పనిచేసే చోటు కాదు, ఊరికి ఆ చివర. కావాలనే అక్కడ కనుక్కున్నాను." గుమ్మం దగ్గర ఆగింది. "పోలీసులకి ఇంకా చెప్పలేదు. చెప్పనని మాత్రం మాటివ్వలేను మేడమ్."

చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది. తలుపు తెరిచే ఉంది. మూయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నత్త తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ వెంటనే తాళాలాయన మాట పేలింది.

"చూశావా నీ సాహిత్యం! కొంప మీదికి తెచ్చింది. పాఠం చెప్పమంటే ఇంట్లో కొడుక్కి గోడలెక్కడం నేర్పావు!"

"గోడలెక్కలేదండీ వాడు. దర్జాగా తలుపు తీసుకుని వెళ్ళాడు. ఆ విద్య ఎవరు నేర్పారు?"

"నేను పని నేర్పాను. పనితో పాటు నీతి నేర్పాను."

"నేను మాత్రం అవినీతి నేర్పానా? మీరూ విన్నారుగా ఆ కథ! పెళ్ళైన కొత్తలో నా చేత రెండుసార్లు చెప్పించుకున్నారు. బాగుందన్నారు."

"బాగుందన్నాను. నువ్వు చెప్పావని బాగుందన్నాను!" అని అరిచి, అన్నాక తనే తెల్లబోయి, కుర్చీలో కూలబడ్డాడు. గీయని చెంప అరచేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు. టీచరమ్మ ఎదురు కుర్చీలో కూర్చుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో పోట్లాట మధ్యలో ఆగిపోవడం వాళ్ళకి అదే మొదలు. ఎవరిది తప్పో తేలితే మాత్రం ఏమవుతుంది, లోపల ఉన్నవాడు ఇద్దరి కొడుకూ.

గదిలోంచి నత్త గొంతు వినిపించింది. గట్టిగా కూడా అనలేదు. "నేను లేకపోతే అందరికీ హాయిగా ఉంటుంది."

ఈ నాలుగు నెలల్లో వాడు ఈ మాట చాలాసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా టీచరమ్మ చెవులు మూసుకుని, "అపశకునం మాటలు మాట్లాడకు నాన్నా" అంటూ తినడానికేదో పట్టుకొచ్చేది. తను బిగ్గరగా అడిగితే ఆ మాటకి బలం వస్తుందేమోనని భయం. చచ్చిపోయేదాకా దీపం వెలిగించినవాడి గురించి అంత తీయగా చెప్పగలిగిన మనిషికి, చచ్చిపోతానంటున్న కొడుకుతో మాట్లాడ్డానికి నోరు రాలేదు.

లేచి లోపలికి వెళ్ళింది. వట్టి చేతులతోనే వెళ్ళింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నా. చచ్చిపోవాలని ఉందా నీకు?"

నత్త ఉలిక్కిపడి చూశాడు. అమ్మ నోట ఆ మాట వస్తుందని వాడు అనుకోలేదు.

"తిట్టను. ఏడవను కూడా. నిజం చెప్పు. అనిపిస్తోందా?"

గోడ వైపు తిరిగాడు.

"రోజూ అనిపిస్తుందమ్మా" అన్నాడు. "పొద్దున్న లేవగానే. ఆ చక్రం అరగదీసిన వారం రోజులు మాత్రం అనిపించలేదు. చేతిలో పనుంది, ఆమెకోసం అనుకుంటే బతికినట్టుండేది. బుధవారం అది బిగించి వచ్చేశాక మళ్ళీ..." మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మా, ఆమె వెనక్కి అడుగు వేసింది చూశావా? నన్ను చూసి."

"చూశాను."

"నేనంటే భయమట."

"అవును నాన్నా. భయమే. ఆమె చోట నేనున్నా అలాగే భయపడేదాన్ని."

వాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. నవల్లో నాయకుడు ఏడ్చినట్టు కాదు. ముక్కు కారుతూ, వెక్కిళ్ళతో, చిన్నప్పుడు బూటు లేసు ముడిపడక ఏడ్చినట్టు ఏడ్చాడు. టీచరమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. నీ ప్రేమ గొప్పదిరా అనలేదు. నీకు ఆమె తగదులే అని కూడా అనలేదు. నోటిదాకా వచ్చిన ప్రతి ఓదార్పూ ఏదో అధ్యాయంలోదే అనిపించి మింగేసింది.

"లేవండి ఇద్దరూ. బస్సులో వద్దు, ఆటో పిలుస్తాను" అన్నాడు గుమ్మంలోంచి తాళాలాయన. "ఇవాళే వెళ్దాం."

డాక్టరు యాభై దాటిన మనిషి. బాగా జలుబు చేసి ఉంది. ప్రతి రెండు మాటలకీ ఒకసారి రుమాలు వెతుక్కుంటోంది. నత్తతో గంటసేపు తలుపేసుకుని మాట్లాడింది. తరవాత అతన్ని బయట కూర్చోబెట్టి అమ్మానాన్నలని పిలిచింది.

"పిచ్చా డాక్టరుగారూ?" తాళాలాయన కూర్చోకముందే అడిగేశాడు.

"ఆ మాట నేను వాడనండీ. మనిషి బాగా కుంగిపోయి ఉన్నాడు. చచ్చిపోవాలన్న ఆలోచన నిజంగానే ఉంది, బెదిరింపు కాదు. దానికి మందులున్నాయి, రోజూ కూర్చుని మాట్లాడాలి. నయమవుతుంది, టైము పడుతుంది." తుమ్మింది. "ఆ అమ్మాయి ఇంట్లోకి వెళ్ళాడే, దాన్ని మాత్రం నేను జబ్బు ఖాతాలో వేయను. అతనితోనూ అదే చెప్పాను. కోపం వచ్చింది. రానివ్వండి."

"ప్రేమ అంటున్నాడమ్మా వాడు" అంది టీచరమ్మ.

"ప్రేమే కావచ్చు. ఆవిడ వద్దన్నది అతనికి వినబడలేదు. ఇప్పటికీ సగమే వినబడుతోంది. కొన్నాళ్ళు ఇక్కడ ఉంచమంటాను. కానీ మేజరు. సంతకం అతనే పెట్టాలి, ఇష్టపడి పెట్టాలి. మీరు ఒత్తిడి చెయ్యకండి."

నత్తని మళ్ళీ లోపలికి పిలిచి, బల్ల మీద కాగితం పెట్టింది. నత్త పెన్ను తీసుకున్నాడు. మొదటి పేజీ చదివాడు, నెమ్మదిగా, ప్రతి అక్షరం. రెండో పేజీ తిప్పాడు. సంతకం చోటు దగ్గర పెన్ను ఆనించి ఆగిపోయాడు.

"అమ్మా. నేనిక్కడ చేరానని ఆమెకి చెప్తావా?"

పెన్ను కాగితం మీదే ఉంచి తల్లి వైపు తిరిగాడు.

"రమ్మని కాదు. ఊరికే తెలిస్తే చాలు. చెప్తానంటే పెడతాను."

తాళాలాయన భార్య మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. చెప్తానను, ఈ పూటకి చెప్తానను, తరవాత చూసుకుందాం అని ఆ నొక్కులో ఉంది. టీచరమ్మకి అది స్పష్టంగా అర్థమైంది. ఒక్క చిన్న అబద్ధం. వాడు సంతకం పెడతాడు, తలుపు పడుతుంది, ప్రాణానికి భయం ఉండదు. ఏ తల్లైనా ఆడుతుంది.

కానీ ఆ కబురు కోసం వాడు ఇక్కడ రోజూ ఎదురుచూస్తాడు. ఆమెకి తెలిసింది, ఆమె బాధపడుతోంది, ఇవాళో రేపో వస్తుంది అనుకుంటూ గుమ్మం వైపే చూస్తాడు. మంచం మీద పడుకునే మళ్ళీ ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. ఈసారి వాణ్ణి అక్కడ నిలబెట్టింది తనే అవుతుంది.

"చెప్పను నాన్నా" అంది టీచరమ్మ.

భర్త చెయ్యి ఆమె మోచేతి మీద నుంచి జారిపోయింది.

"అమ్మా!"

"చెప్పను. నేనిక ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళను. వెళ్ళి చేసింది చాలు. నువ్వు ఇక్కడున్న సంగతి ఆమెకి తెలియనవసరం లేదు. నాకు తెలుసు, నాన్నకి తెలుసు. రోజూ వస్తాం. నువ్వు మాట్లాడకపోయినా వచ్చి కూర్చుంటాం. నేను ఇవ్వగలిగింది అంతే."

నత్త తల్లి మొహంలోకి చూశాడు. పదకొండో అధ్యాయం చెప్పిన మనిషి కోసం ఆ మొహంలో వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు. వాడి కళ్ళలో అంత ద్వేషాన్ని ఆమె ఇదివరకెప్పుడూ చూడలేదు. చూపు తిప్పుకోకుండా నిలబడింది.

డాక్టరు రుమాలు మూతి దగ్గర పెట్టుకుని కాగితం వైపు చూస్తోంది.

నత్త పెన్ను కింద పెట్టేశాడు.

తలుపు తెరిచే ఉంది. కానీ వాడు కుర్చీలోంచి లేవలేదు.